సిగార్‌లో అంత ఆనందం ఏముంది? నాకైతే తల తిరగడం తప్ప ఏమీ తెలియలేదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమెరికాలో ఉండే మీ బావగారు డొమినికన్ రిపబ్లిక్‌లో చుట్టిన సిగార్లు ఐదు తెచ్చిచ్చారు. మీకు సిగరెట్ అలవాటు కూడా లేదు. ఆదివారం పొద్దున్నే టిఫిన్ చేయకుండా ఒకటి వెలిగించారు. పావుగంటకల్లా చెమటలు, తల తిరుగుడు, ఆపైన వాంతి. "ఇందులో ఆనందం ఏముందండీ, డబ్బున్నవాళ్ళ నటన కాకపోతే? మిగతా నాలుగూ పారేయాలా, దాచుకోవాలా?" అన్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆనందం ఉంది, నటనా ఉంది. ఆ ఆనందం నాలుక మీద, ముక్కులో ఉంటుంది. ఊపిరితిత్తుల దాకా పోయే పని లేదు. మీకు జరిగినదానికి కారణం ఖాళీ కడుపు, తొందర. ఆ నాలుగూ పారేయక్కర్లేదు. అలాగని అలవాటు చేసుకోమనీ నేను చెప్పను. దానికి నా సొంత కారణం ఒకటుంది, కిందకి వచ్చాక చెబుతాను.

నా సంగతి రెండు ముక్కలు. మాది గోదావరి లంక ఊరు. తాతయ్య లంక పొగాకు వేసేవాడు. నేను దుబాయ్‌లో ఒక హోటల్ సిగార్ లాంజ్‌లో 19 ఏళ్ళు పనిచేశాను. సిగార్ ఎంచి ఇవ్వడం, కోసి ఇవ్వడం, వెలిగించి ఇవ్వడం, తేమ పెట్టెలు చూసుకోవడం, ఇదే నా ఉద్యోగం. చుట్టతో పెరిగి సిగార్‌తో బతికినవాణ్ణి కాబట్టి రెంటి గురించీ చెప్పగలను.

తల ఎందుకు తిరిగింది

సిగరెట్‌లో ఉండే వర్జీనియా ఆకు మన ఒంగోలు, గుంటూరు వైపు పండేదే. దాన్ని బ్యారన్ అనే మూసిన గదిలో పెట్టి వేడి గాలితో వారంలోపే క్యూర్ చేస్తారు, అంటే ఆరబెట్టి పదునుకు తెస్తారు. ఆకు పసుపు పచ్చగా తేలుతుంది, అందులో చక్కెర మిగిలిపోతుంది. అందుకని దాని పొగకు ఆమ్ల గుణం ఉంటుంది. ఆ పొగ నోట్లోనే ఉంటే నికోటిన్ పెద్దగా ఎక్కదు. అందుకే సిగరెట్ తాగేవాడు గుండెల నిండా లాగుతాడు.

సిగార్ ఆకు దారి వేరు. దాన్ని నీడన, గాలికి, వారాల తరబడి ఆరబెడతారు. ఆ నెమ్మదిలో చక్కెర అంతా ఖర్చయిపోతుంది. తర్వాత గుట్టలు వేసి పులియబెడతారు. ఆ పొగ క్షార గుణం ఉన్న పొగ. నికోటిన్ బుగ్గల లోపలి చర్మం నుంచే నేరుగా రక్తంలోకి ఎక్కుతుంది. పైగా పెద్ద సిగార్ ఒక్కదానిలో దాదాపు ఒక సిగరెట్ ప్యాకెట్ అంత పొగాకు ఉండొచ్చు. ఖాళీ కడుపుతో, అలవాటు లేని మనిషి దాన్ని సిగరెట్ లాగా గబగబా లాగితే వాంతి కాక ఏమవుతుంది?

లాంజ్‌లో ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూశానో! మన కుర్రాడొకడు, ప్రమోషన్ వచ్చిందని నలుగురు స్నేహితులతో వచ్చి, మెనూలో అన్నిటికంటే ఖరీదైనది, అన్నిటికంటే ఘాటైనది అడిగాడు. "మొదటిసారైతే చిన్నది తీసుకోండి బాబూ" అన్నాను. వినలేదు. ఇరవై నిమిషాలకు మొహం తెల్లగా పాలిపోయి సోఫాలో వాలిపోయాడు. చక్కెర బాగా వేసిన టీ ఇచ్చి, కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. అప్పటినుంచి నా డ్రాయర్‌లో ఎప్పుడూ బెల్లం ముక్కలు ఉంచుకునేవాణ్ణి. మా తాతయ్య కూడా భోజనం అయ్యాకే చుట్ట ముట్టించేవాడు. అది క్రమశిక్షణ అనుకునేవాణ్ణి చిన్నప్పుడు, కడుపు సంగతి అని తర్వాత తెలిసింది.

సరే, ఆనందం ఎక్కడుంది?

వెలిగించకముందే మొదలవుతుంది. ఒక మంచి సిగార్‌ను ముక్కు కింద పెట్టి నిదానంగా వాసన చూడండి. కొత్త తోలు చెప్పుల వాసన, ఎండిన గడ్డివాము వాసన, కాఫీ గింజలు వేయించేటప్పుడు వీధి చివరిదాకా వచ్చే వాసన, ఇలా ఏదో ఒకటి తగులుతుంది. మా లాంజ్‌కి వచ్చే సిరియా పెద్దాయన ఒకరు ఐదు నిమిషాలు వాసన చూడనిదే కట్టర్ ముట్టుకునేవారు కాదు. ఆయన రోజూ మధ్యాహ్నం ఒకే చిన్న సిగార్ తీసుకునేవారు, సగం కాగానే వదిలేసి లేచేవారు. డబ్బు వృథా కదా అని నేను మొదట్లో గొణుక్కునేవాణ్ణి. ఆయన చేస్తున్నదే సరైనదని అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఎందుకంటే సిగార్ మొదలూ మధ్యా చివరా ఒకే రుచి ఉండదు. మొదటి మూడో వంతులో మిరియం ఘాటు కాస్త కొడుతుంది. మధ్యకు వచ్చేసరికి మెత్తబడుతుంది. వేయించిన వేరుశనగ, కోకో, కొన్నిట్లో మీగడ లాంటి తియ్యదనం. నా లెక్కలో సిగార్ అంటే ఆ మధ్య భాగమే. చివరి మూడో వంతులో వేడీ తారూ పేరుకుని చేదెక్కుతుంది. పీక వేళ్ళకు కాలేదాకా లాగేవాళ్ళను చూస్తే నాకు జాలి.

ఈ రుచి ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే తాగేటప్పుడు దాన్ని పట్టుకోవడం తేలిక. చేత్తో చుట్టిన సిగార్‌లో మూడు పొరలుంటాయి: లోపల పొడవాటి ఆకుల కట్ట, దాన్ని పట్టి ఉంచే ఆకు, పైన అందమైన వ్రాపర్ ఆకు. లోపలి కట్టలో మొక్క పైభాగం ఆకులు ఘాటు ఇస్తాయి, వాటిని క్యూబావాళ్ళు లిహెరో అంటారు. నడిమి ఆకులు వాసన ఇస్తాయి, అవి సెకో. అడుగు ఆకులు బాగా మండుతాయి, అవి వొలాడో. లిహెరో నెమ్మదిగా కాలుతుంది కాబట్టి దాన్ని నడిమధ్యలో పెట్టి చుట్టాలి. అది పక్కకు జరిగితే సిగార్ ఒకవైపే కాలుతుంది. మంచి సిగార్‌కూ నాసిరకానికీ తేడా చాలావరకు ఈ చుట్టే చేతిలోనే ఉంది.

2011లో మా యాజమాన్యం శిక్షణకని నన్ను క్యూబా పంపింది. హవానాకు పడమర పినార్ దెల్ రియో వైపు తీసుకెళ్ళారు. వుయెల్తా అబాహో అనే ప్రాంతం, ఎర్రమట్టి నేల. వ్రాపర్ ఆకు వేసే చేలమీద మొత్తం పల్చటి గుడ్డ పందిరిలా కప్పి ఉంటుంది. ఎండ నేరుగా తగిలితే ఆకు మందమవుతుంది, ఈనెలు లావెక్కుతాయి. నీడలో పెరిగితే పట్టుగుడ్డలా సాగుతుంది. అదంతా చూసి ఆశ్చర్యపోయాను కానీ, నన్ను కదిలించింది అది కాదు. ఒక షెడ్‌లో ఆకు గుట్టలు వేసి పులియబెడుతున్నారు. తలుపు తీయగానే అమోనియా ఘాటు గుప్పుమని కొట్టింది. గుట్టలో చెయ్యి పెట్టి చూడమన్నారు. పెట్టాను. వేడిగా ఉంది. మా పాకలో తాతయ్య కట్టిన మండెలో, అంటే పొగాకు ఆకు గుట్టలో, చెయ్యి పెడితే అచ్చం ఇంతే వేడి, ఇదే ఘాటు. తడి ఎక్కువైతే కుళ్ళుతుందని రోజూ అర్ధరాత్రి లేచి మండె తాకి చూసేవాడు ఆయన. అక్కడి ముసలి రైతుకు ఈ మాట చెబుదామంటే నాకు స్పానిష్ రాదు, అతనికి తెలుగు రాదు. చేతులతో సైగ చేశాను. నవ్వాడు, భుజం తట్టాడు.

హవానాలో సిగార్లు చుట్టే హాలు కూడా చూశాను. బడిలోలాగా వరసగా బల్లలు. ముందు ఎత్తైన పీట మీద ఒకావిడ కూర్చుని పేపర్ చదువుతున్నారు, అందరూ చుడుతూ వింటున్నారు. 1865 నుంచి ఉన్న ఆచారమట. పొద్దున వార్తలు, తర్వాత నవలలు. బాగుందనిపిస్తే బల్లమీద కత్తితో టకటక కొడతారు, అదే వాళ్ళ చప్పట్లు.

మీ డొమినికన్ సిగార్లు తక్కువవి అనుకోకండి. క్యూబా విప్లవం తర్వాత 1960లో సిగార్ ఫ్యాక్టరీలను ప్రభుత్వం తీసేసుకుంది. చాలామంది యజమానులు, పనివాళ్ళు డొమినికన్ రిపబ్లిక్, హోండురాస్, నికరాగ్వా లాంటి చోట్లకు వెళ్ళిపోయారు. అందుకే ఒకే బ్రాండు పేరు క్యూబాలో ఒకటి, డొమినికన్‌లో ఒకటి కనిపిస్తుంది. డొమినికన్‌వి సాధారణంగా ఘాటు తక్కువగా ఉంటాయి, మొదటిసారికి అవే నయం. మీ బావగారు తెలిసే తెచ్చి ఉంటారు.

మళ్ళీ ప్రయత్నిస్తే ఇలా చేయండి

భోజనం చేసిన తర్వాత. గంట ఖాళీ ఉన్నప్పుడు. ఫ్యాన్ గాలి కింద వద్దు, అటువైపు ఎక్కువ కాలిపోతుంది. మీరు ఫొటోలో పెట్టినది రోబస్టో సైజులా ఉంది, అంటే దాదాపు 124 మిల్లీమీటర్ల పొడవు, 50 రింగ్ గేజ్. రింగ్ గేజ్ అంటే లావును అంగుళంలో 64వ వంతుల్లో చెప్పే లెక్క. 50 అంటే దాదాపు రెండు సెంటీమీటర్ల లావు. అది నెమ్మదిగా కాలిస్తే గంట వస్తుంది. పావుగంటలో మీకు అంత అయిందంటే ఎంత వేగంగా లాగి ఉంటారో ఊహించగలను!

కోయడం: నోట్లో పెట్టుకునే కొసన చిన్న టోపీలాంటి ఆకు అతికించి ఉంటుంది. దానిలో పైపైన రెండు మిల్లీమీటర్లు కోస్తే చాలు. ఎక్కువ కోస్తే చుట్టు విడిపోతుంది. కట్టర్ లేకపోతే పదునైన కొత్త బ్లేడు. పళ్ళతో కొరకడం సినిమాల్లో బాగుంటుంది. కోశాక వెలిగించకుండానే ఒకసారి గాలి లాగి చూడండి. స్ట్రాతో పల్చటి లస్సీ తాగినంత సులువుగా రావాలి.

వెలిగించడం: పెట్రోలు లైటరు వద్దు, కొవ్వొత్తి వద్దు, ఆ వాసన చివరిదాకా పోదు. గ్యాస్ లైటరు మంచిది. అగ్గిపుల్ల అయితే మందు పూర్తిగా కాలిపోయే దాకా ఆగండి. మంటను ఆకుకు తగలనివ్వకుండా, కాస్త కింద పెట్టి, సిగార్‌ను తిప్పుతూ అంచంతా ఎర్రబడనివ్వండి. నేను ఒక్కోదానికి నిమిషం తీసుకునేవాణ్ణి. కస్టమర్లు విసుక్కునేవారు. ఈ నిమిషం మిగుల్చుకుందామని చూస్తే తర్వాతి గంట వంకరగా కాలుతుంది.

నిమిషానికి ఒక్క దమ్ము. అంతకంటే వద్దు. పొగ నోట్లోకి తీసుకోండి, బుగ్గల్లో రెండు క్షణాలు ఉంచండి, వదిలేయండి. మింగొద్దు. ఇంకాస్త అలవాటైతే వదిలేటప్పుడు కొద్దిగా ముక్కులోంచి పోనివ్వొచ్చు. సగం రుచి అక్కడే తెలుస్తుంది. కానీ మీకు ఇప్పుడే వద్దు, కళ్ళలో నీళ్ళు వస్తాయి.

నుసిని సిగరెట్‌లాగా మాటిమాటికీ దులపకండి. ఒక అంగుళం దాకా నిలబడుతుంది, దానంతట అదే రాలనివ్వండి. చాలనిపిస్తే నలిపి ఆర్పకండి, భరించలేని కంపు వస్తుంది. పళ్ళెంలో అలా వదిలేస్తే అదే ఆరిపోతుంది. ఆరినదాన్ని మర్నాడు మళ్ళీ ముట్టించే పని మాత్రం పెట్టుకోకండి. మా తాతయ్య సగం చుట్ట చూరులో దోపి సాయంత్రం మళ్ళీ వెలిగించేవాడు, అది ఆయన పొదుపు. ఆ రెండో సగం ఎలా ఉండేదో వాసనకే నాకు తెలుసు.

పక్కన ఏం తాగాలి అని చాలామంది అడుగుతారు. విస్కీ, రమ్ము అంటారు. నన్నడిగితే చిక్కటి ఫిల్టర్ కాఫీకి మించింది లేదు. మొదటిసారి మద్యంతో కలపకండి, ఏది తల తిప్పుతోందో తెలియదు.

నటన సంగతి

ధరకూ రుచికీ ఉన్న సంబంధం ఒక స్థాయి దాకానే. ఆపైన మీరు కట్టేది సిగార్ చుట్టూ బ్రాండు పేరుతో ఉండే ఆ కాగితపు రింగుకు. లాంజ్‌లో రింగు బయటికి కనబడేలా పట్టుకుని ఫొటోలు దిగి, పది దమ్ములకు వదిలేసి వెళ్ళినవాళ్ళ లెక్క నా దగ్గర లేదు. వాళ్ళ మీద నాకు కోపమూ లేదు, జీతం వాళ్ళ వల్లే వచ్చింది. ఈ మోజు మీదే దొంగ సరుకు వ్యాపారం నడుస్తుంది. ఎవరైనా అద్దం మూత ఉన్న పెట్టెలో కొహీబా అనే ఖరీదైన క్యూబా బ్రాండు సిగార్లు ఇస్తే సందేహమే అక్కర్లేదు, అది దొంగది. అసలు కంపెనీ అద్దం మూతతో పెట్టెలు అమ్మదు.

మన చుట్ట గురించి కూడా ఒక మాట: ఇంగ్లీషువాళ్ళ 'షెరూట్' అనే మాట తమిళ 'సురుట్టు' నుంచి పోయిందే. మన చుట్ట మొరటుది, ఘాటైనది, వ్రాపర్ అందం లేనిది. కానీ లంక ఆకు బాగా పదునుకొచ్చినప్పుడు దానికి ఒక మట్టివాసన ఉండేది. నేను ఎన్ని దేశాల సిగార్లు కాల్చినా అది మళ్ళీ తగల్లేదు. తొడమీద ఆకు పరిచి, చెంబులో నీళ్ళు చిలకరించి, ఈనె చీల్చి పక్కన పడేసి, రెండు నిమిషాల్లో చుట్టి దారం కట్టేవాడు తాతయ్య. అంతే శ్రద్ధగా చుట్టే చేతులను మళ్ళీ హవానాలోనే చూశాను.

ఇప్పుడు నా కారణం

"పొగ ఊపిరితిత్తుల్లోకి పోదు కదా, సిగార్ ప్రమాదం కాదు" అని లాంజ్‌లో రోజూ వినేవాణ్ణి, నేనూ అదే అనేవాణ్ణి. తప్పు. పొగ ఎక్కడ ఆగితే అక్కడ దాని పని అది చేస్తుంది. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు సిగార్ వల్ల వస్తాయి. ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు కదా, వాళ్ళకు అంగిలి మీదే క్యాన్సర్ వచ్చేది.

నాకు ఆరేళ్ళ క్రితం పన్ను నొప్పని వెళ్తే, డాక్టరమ్మ ఎడమ బుగ్గ లోపల తెల్లమచ్చ చూపించారు. నేను సిగార్ ఎప్పుడూ ఎడమవైపే పెట్టుకునేవాణ్ణి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా తొమ్మిది రోజులు. ఆ టెన్షన్ గురించి రాయను. క్యాన్సర్ కాదని తేలింది, కానీ ఆపకపోతే అవ్వొచ్చని చెప్పారు. అప్పటికి వారానికి నాలుగు కాల్చేవాణ్ణి. ఇప్పుడు ఏమీ కాల్చను. పండక్కి ఇంటికి వచ్చిన పాత స్నేహితులు వెలిగిస్తే పక్కన కూర్చుంటాను. అది కూడా పూర్తిగా మంచిది కాదని మా ఆవిడ గుర్తుచేస్తూనే ఉంటుంది. వెలిగించని సిగార్ ఒకటి చేతికిస్తే వాసన చూసి తిరిగిచ్చేస్తాను. నిజంగా చెబుతున్నాను, సగం ఆనందం అక్కడే వచ్చేస్తుంది.

అందుకే మీకు నా సలహా: ఈ నాలుగిట్లో ఒకటో రెండో, మీ బావగారు వచ్చినప్పుడు ఆయనతో కలిసి, సగం దాకా, నెమ్మదిగా కాల్చండి. అదేంటో తెలుస్తుంది. ఇంట్లో పిల్లలు లేని చోట, డాబా మీద. మిగిలినవి ఆయనకే ఇచ్చేయండి. మీరు కొత్తగా కొనుక్కోకండి.

అప్పటిదాకా దాచడం ఎలా

సిగార్‌కు 65 నుంచి 70 శాతం తేమ కావాలి, చల్లగా ఉండాలి. మీరు హైదరాబాద్ అన్నారు. వేసవిలో అక్కడ బయట పెడితే వారంలో అప్పడంలా ఎండిపోతుంది, ఎండినది వేగంగా, వేడిగా, చేదుగా కాలుతుంది. విశాఖలోనో కాకినాడలోనో అయితే బూజు భయం. రబ్బరు సీలున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, అందులో 65 లేదా 69 శాతం అని రాసి ఉండే తేమ ప్యాకెట్ ఒకటి వేయండి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నాలుగు సిగార్లకు ఇది చాలు, వేలు పోసి చెక్క హ్యూమిడార్ (తేమ పెట్టె) కొనక్కర్లేదు. తడి దూది, తడి స్పాంజి పెట్టకండి.

డబ్బాను ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే బీరువా అడుగు అరలో ఉంచండి. గది వేడి 25 డిగ్రీలు దాటి నిలబడితే ఆకులో గుడ్ల రూపంలో ఉన్న పొగాకు పురుగు లేచి గుండుసూది బెజ్జాల్లా తొలిచేస్తుంది. అలాంటి బెజ్జాలు కనిపిస్తే డబ్బాతో సహా మూడు రోజులు ఫ్రీజర్‌లో, ఒక రోజు ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత బయటికి తీయండి. మామూలుగా మాత్రం ఫ్రిజ్ వద్దు. సిగార్ పక్కనున్న వాసన ఏదైనా పీల్చేసుకుంటుంది. ఒక కస్టమర్ తన సిగార్లు కర్పూరం డబ్బా పక్కన పెట్టి, "ఇదేం కొత్త రుచి" అని నా దగ్గరకు పట్టుకొచ్చాడు. బీరువాలో కలరా ఉండలు ఉంటే ముందు వాటిని తీసేయండి.

ఇప్పటికే పై ఆకు చిట్లి ఉంటే కంగారు పడకండి. చిట్లు చిన్నదైతే తేమలో రెండు వారాలు ఉంచండి, ఆకు కాస్త సాగుతుంది. కాల్చేముందు వేలితో తడి అద్ది అతికిస్తే ఆ పూటకు సరిపోతుంది. కొస దగ్గర చిట్లితే మాత్రం అది నిలవదు, దాన్నే ముందు కాల్చండి.